నిమ్మ ఇగురుపై రెండు పురుగులు - ఒక పాఠముపై విమర్శ

ఉన్నత పాఠశాలలలో జీవశాస్త్రము బోధించునపుడు, పైరులకు హాని చేయు కీటకములను రెండు జట్లుగా విడదీసి చెప్పుట వాడుక. ఆకులను నమలి తినునవి ఒక జట్టు. రసము పీల్చునవి మరియొక జట్టు. ఈ విభజన తప్పు కాదు. నోటి నిర్మాణమును బట్టి చేసినది గనుక శాస్త్రీయమైనదే. మిడతకు దవడలు కలవు, పేనుబంకకు సూదివంటి తుండము కలదు. ఈ భేదమును ఏడవ తరగతి బాలుడు కూడ భూతద్దముతో చూచి తెలిసికొనగలడు. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, పాఠము అంతటితో నిలిచిపోవుచున్నది. రసము పీల్చునవి అను శీర్షిక క్రింద పేనుబంక, సిల్లా, తెల్లదోమ, పిండినల్లి, పొలుసు పురుగు ఒకే వరుసలో కూర్చుండును. ఆ వరుస కెదురుగా ఆకులు ముడుచుకొనుట, పసుపుబారుట, మొక్క క్షీణించుట అను మూడు ఫలితములు, ఆ క్రింద ఏదో ఒక మందు పేరు. ప్రత్తికైనను, మిరపకైనను, నిమ్మకైనను ఆ మాటలే సరిపోవును. అన్నిటికిని సరిపోవుటయే వాటి లోపము.

ఈ లోపము పరీక్షలో మార్కులు పోగొట్టునది కాదు గనుక ఎవరును పట్టించుకొనరు. కాని నెల్లూరు జిల్లాకు పడమటనున్న ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో ఇది ఇంటి విషయము. ఆ పాఠము చదువు పిల్లలలో పెక్కుమంది నిమ్మతోటలు, బత్తాయితోటలు గల ఇండ్లనుండి వచ్చినవారు. వరి పోయినచో మరుసటి కారునకు మరల నాటుకొనవచ్చును. నిమ్మతోట పోయినచో గుంటలు త్రవ్వి, మొక్క నాటి, మరల కాయ చూచుటకు నాలుగైదేండ్లు పట్టును. తోట ఎందువలన ఎండుచున్నదో తెలియక, ఇగురుపై ఏ పురుగు కనబడినను దానినే దోషిగా నిలబెట్టి మందు కొట్టు రైతునకు, ఆ రైతు కుమారునికి మనము నేర్పిన పాఠము ఏమి సాయము చేయుచున్నది? ఈ ప్రశ్నను రెండు పురుగులపై పెట్టి చూతము. ఒకటి నిమ్మజాతి చెట్లపై నుండు నల్ల పేనుబంక. రెండవది నిమ్మ సిల్లా. రెండును లేత ఇగురుపైననే కనబడును, రెండును రసమునే పీల్చును, రెండును చిన్నవే. పోలిక దాదాపు ఇక్కడితో సరి.

ముందుగా రూపము. పేనుబంక పొడవు 2 మి.మీ.కు అటునిటు. దేహము బేరిపండువలె ఉబ్బి, నిగనిగలాడు నలుపుగానో ముదురు గోధుమరంగుగానో ఉండును. వీపు చివర రెండు చిన్న గొట్టములు కొమ్ములవలె నిలుచును. గుంపుగా నుండును, ఒక లేత రెమ్మను అంగుళము మేర కప్పివేయును. తాకినను తొందరగా కదలదు. సిల్లా పెద్ద పురుగు 3 నుండి 4 మి.మీ. ఉండును. రెక్కలపై గోధుమరంగు మచ్చలు, కన్నులు ఎర్రనివి. దీనిని ఎరుగుటకు భూతద్దము కూడ అక్కరలేదు; కూర్చుండు తీరు చాలును. తల ఆకునకు ఆనించి, తోక పైకెత్తి, దాదాపు 45 డిగ్రీల వాలున నిలుచును. ముల్లు గ్రుచ్చినట్లుండును. వ్రేలు దగ్గరకు పోగానే చటుక్కున దుమికి ఎగిరిపోవును. దీని పిల్ల పురుగులు బల్లపరుపుగా, పసుపు నారింజ రంగులో నుండి, వెనుకనుండి తెల్లని మైనపు దారములను విసర్జించును. ఆ దారములు ఇగురుపై పత్తిపోగులవలె వ్రేలాడును.

శాస్త్రజ్ఞుల లెక్కలో ఈ రెండును ఇంచుమించు ఒకే ఈడువి. నల్ల పేనుబంకకు కిర్కాల్డీ 1907లో హవాయి దీవులలో దొరికిన నమూనాలను బట్టి పేరు పెట్టినాడు. సిల్లాకు కువయామా 1908లో తైవాన్ నమూనాలను బట్టి డయఫోరినా సిట్రి అని పేరు పెట్టినాడు. పుట్టినిల్లు మాత్రము అవి కావు. సిల్లా దక్షిణాసియాదే, అనగా మన ప్రాంతముదే. ఊరి మనిషిని పరదేశములో ఎవరో గుర్తించి పేరు వ్రాసికొన్నట్లయినది.

తెలుగు పేర్ల విషయము ఇచ్చట ఒక మాట చెప్పవలెను. పేనుబంక అను పేరు చక్కనిది. పేనువలె గుంపుగా అంటి రక్తము బదులు రసము త్రాగుట మొదటి సగములోను, అది విసర్జించు జిగురు రెండవ సగములోను ఇమిడియున్నవి. ఈ పేరు పెట్టిన రైతు కన్నులు నిశితమైనవి. సిల్లాకు అట్టి పేరు మనకు స్థిరపడలేదు. దుమికెడు చిన్న పురుగును తెలుపు గ్రీకు మాటనే వ్యవసాయశాఖవారును, రైతులును వాడుచున్నారు. పేరు లేని దానిని కన్ను కూడ త్వరగా పట్టదు. తోటలో పేనుబంకను చూపని పిల్లవాడుండడు. సిల్లాను చూపగలవారు అరుదు. పాఠ్యపుస్తకము ఈ లోటును తీర్చవలసినది పోయి, రెంటిని ఒకే వరుసలో పెట్టి, కనబడు దానినే మరింత కనబరచుచున్నది.

పుట్టుకలోను భేదము గొప్పది. మనవంటి వెచ్చని దేశములలో నల్ల పేనుబంకకు మగవాని అవసరమే కలుగదు. ఆడది గ్రుడ్లు పెట్టక నేరుగా పిల్లలనే కనును. ఆ పిల్లలన్నియు ఆడవే. వారములో అవియు తల్లులగును. గుంపు ఇరుకైనపుడు రెక్కలు గలవి పుట్టి వేరొక ఇగురునకు పోవును. ఒక్కటి వచ్చి వాలిన చాలును, పది పదునైదు దినములలో రెమ్మ నల్లబడును. సిల్లాకు ఆడ, మగ రెండును కావలెను. ఆడది గ్రుడ్లను ఇంకను విచ్చుకొనని లేత ఇగురు మడతలలోనే పెట్టును. ఇగురు లేనిచో గ్రుడ్డే లేదు. గ్రుడ్డు బాదముగింజ ఆకారములో, మొదట లేత పసుపుగను, పొదుగు ముందు నారింజ రంగుగను ఉండును. ఒక ఆడది తన జీవితములో 800 గ్రుడ్ల వరకు పెట్టగలదు. నాలుగు దినములలో పిల్ల వెలువడి, అయిదు దశలు దాటి, రమారమి రెండు వారములలో పెద్దదగును. పేనుబంక జనాభా పొంగి చల్లారు పాలవంటిది. సిల్లా అట్లు కాదు. ఇగురు ముదిరిన పిదప కూడ పెద్ద పురుగులు ముదురాకులపై ఓపికగా కూర్చుండి, మరుసటి ఇగురునకై వేచియుండును.

రెంటి ఆహారము ఒకటే: పోషక కణజాలములో ప్రవహించు తియ్యని రసము. అందు చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన పదార్థములు తక్కువ. ఆ తక్కువను పూరించుటకు రెండును తమ దేహములలో సూక్ష్మజీవులను పెంచుకొనుచున్నవి. పేనుబంకలో బుక్నేరా, సిల్లాలో కార్సొనెల్లా. ఎక్కువైన చక్కెరను పేనుబంక తేనెబంకగా బయటికి విడుచును, దానిపై మసితెగులు బూజు పెరిగి ఆకు నల్లబడును, చీమలు బారులు తీరును. పాఠములలో ఈ భాగము బాగుగనే యున్నది. చీమ, పేనుబంకల స్నేహము పిల్లలకు ఇష్టమైన కథ. కాని చెట్టు ప్రాణమునకు ముప్పు తేనెబంకవలన కాదు, మసివలనను కాదు. అవి కడిగిన పోవును. అసలు కథను పాఠము చెప్పుటయే లేదు.

పేనుబంక ట్రిస్టీజా అను వైరస్‌ను మోయును. సిల్లా గ్రీనింగ్ తెగులు కలిగించు బాక్టీరియాను మోయును. ఒక చెట్టునుండి వేరొక చెట్టునకు తెగులును చేర్చుటలో రెంటికిని సామ్యము కలదని తోచును గాని, చేర్చు విధము వేరు. ఇక్కడనే విద్యార్థికి నిజమైన జీవశాస్త్రము కలదు.

తెగులు గల చెట్టుపై పేనుబంక కొలది నిమిషములు మొదలు కొన్ని గంటలు పీల్చిన చాలును, వైరస్ దాని నోటి మార్గములోను, ముందు జీర్ణనాళపు లోపలి పొరపైనను అంటుకొనును. అక్కడ అది పెరుగదు. తరువాత పీల్చిన మొక్కలోనికి జారిపోవును, లేదా ఒకటి రెండు దినములలో శక్తి తప్పును. పురుగు కుబుసము విడిచినచో దానితో కూడ పోవును. గరిటెకంటిన పులుసు వంటిది. మరుగిన్నెలో ముంచగానే అక్కడికి చేరును, కొంతసేపటికి గరిటె ఖాళీ. సిల్లా పాలకుండకు వేసిన తోడువంటిది. బాక్టీరియా దాని ప్రేగునుండి దేహద్రవములోనికి, అచ్చటినుండి లాలాజల గ్రంథులలోనికి పోవును, అక్కడ వృద్ధియగును. పిల్లదశలో తెగులు చెట్టుపై పెరిగిన సిల్లా పెద్దదైన పిమ్మట బ్రతికినన్నాళ్లు తెగులును పంచగలదు. అందుచేత గుంపుగా నున్న పేనుబంక కంటె, ఒంటరిగా తోక పైకెత్తి కూర్చున్న సిల్లా ఒక్కటి ఎక్కువ కాలము అపాయకరము.

ఈ గడియారపు భేదమునుండి మందుల సంగతి దానంతటదియే తేలును. వెలుపలినుండి రెక్కలతో వచ్చిన పేనుబంక వాలి, తుండము దించి, వైరస్‌ను దింపుటకు పట్టు కాలము చాల స్వల్పము. ఆకు ముడుచుకొన్నదని రైతు చూచి, మందు తెచ్చి, కొట్టునప్పటికి పని అయిపోయినది. ముడిచిన ఆకు మరల విచ్చుకొనదు. ట్రిస్టీజాను మందుతో ఆపుట ఇంచుమించు అసాధ్యము. దానికి మార్గము తెగులు లేని మొక్కను నాటుట, సన్నని వలల క్రింద నారు పెంచుట, తట్టుకొను వేరుమూలమును ఎన్నుకొనుట. సిల్లా విషయములో పురుగును తగ్గించుటవలన తెగులు వ్యాప్తి తగ్గును. ఒకే మందు, ఒకే ఫలితము అని వ్రాసిన పట్టిక ఈ రెంటిని తలక్రిందులు చేయుచున్నది. పేనుబంక గుంపు కనబడగానే రైతు ఉలికిపడి మందు కొట్టును. ఆ మందు అక్షింతల పురుగులను కూడ చంపును. ఒకటి రెండుగా తిరుగు సిల్లా జోలికి ఎవరును పోరు.

విమర్శ చేయునపుడు పెద్దలనుగూడ విడువరాదు. సిల్లాపై మన దేశములో వెలువడిన తొలి గొప్ప రచన హుసేన్, నాథ్ అను ఇద్దరు కీటకశాస్త్రజ్ఞులది. 1927లో భారత వ్యవసాయశాఖవారి స్మారకపత్రములలో ప్రచురితమైనది. పంజాబులో ఆ పురుగు పుట్టుక, పెరుగుదల, రుతువుల వెంట దాని హెచ్చుతగ్గులు వారు తోటలలోనే కూర్చుండి పరిశీలించిరి. నేటికిని ఆ పరిశీలనలను ఉదహరింపని సిల్లా గ్రంథము లేదు. పంజాబు నారింజతోటల క్షీణతను వారు ఈ పురుగు పీల్చుటకే ఆపాదించిరి. దోషిని వారు సరిగానే పట్టిరి, నేరమును మాత్రము సగమే చదివిరి. పురుగు చేతిలో ఏమున్నదో వారు చూడలేదు. చూచుటకు నాడు సాధనములును లేవు. వారు వర్ణించిన లక్షణములు చాలవరకు గ్రీనింగ్ తెగులువేయని తరువాతివారు గ్రహించిరి. తొంబదియేండ్లు దాటినను మన పాఠము మాత్రము 1927 వద్దనే నిలిచి, పీల్చుటవలననే మొక్క క్షీణించునని చెప్పుచున్నది. వారికి గల కారణము మనకు లేదు.

తరువాతి చరిత్ర సంగ్రహముగ చెప్పుదును. చైనాలో లిన్ కోంగ్ షియాంగ్ 1956లో ఈ తెగులు అంటుకట్టుటవలన సోకునని నిరూపించెను. దక్షిణాఫ్రికాలో మెక్లీన్, ఓబర్‌హోల్జర్ 1965లో అక్కడి వేరొక జాతి సిల్లా దానిని మోయునని చూపిరి. మన దేశములో కపూర్, ఆయన సహచరులు 1967లో నిమ్మ సిల్లాయే వాహకమని తేల్చిరి. 1970లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లాఫ్లేష్, బోవే ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పోషక కణజాలములో ఆ సూక్ష్మజీవులను చూచిరి. అంతవరకు వైరస్ అనుకొన్నది వైరస్ కాదని అట్లు తెలిసినది. దానిని ఇప్పటికిని ప్రయోగశాలలో శుద్ధముగా పెంచి నిలుపుట సాధ్యము కాలేదు. అందుచేతనే దాని శాస్త్రీయ నామమునకు ముందు అభ్యర్థి అను అర్థముగల లాటిన్ మాట ఇంకను అంటియున్నది. పేరు విషయములో కూడ పేచీ కలదు. గ్రీనింగ్ అనునది కాయ అడుగుభాగము పచ్చగనే మిగులుటను బట్టి దక్షిణాఫ్రికాలో వచ్చినది. చైనావారు పసుపు కొమ్మ తెగులను అర్థములో హువాంగ్‌లాంగ్‌బింగ్ అనిరి. 1995లో అంతర్జాతీయ నిమ్మజాతి వైరస్ శాస్త్రజ్ఞుల సంస్థ ఈ పేరునే అంగీకరించినది. కొమ్మ పసుపగుట ముందు కనబడు లక్షణము గనుక చైనా పేరే మేలని నా అభిప్రాయము.

ట్రిస్టీజా కథ పడమటి అర్ధగోళమునందు ప్రసిద్ధము. 1930ల దశకములో అర్జెంటీనా, బ్రెజిల్ దేశములలో పుల్లనారింజ వేరుమూలముపై కట్టిన తోటలు లక్షల చెట్ల లెక్కన కూలినవి. పోర్చుగీసు, స్పానిషు భాషలలో ఆ మాటకు దుఃఖమని అర్థము. 1946లో మెనెగీని బ్రెజిల్‌లో దీనిని పేనుబంక మోయునని నిరూపించెను. వైరస్ రేణువు 2000 నానోమీటర్ల పొడవు గల సన్నని దారము. తరువాత బ్రెజిల్‌వారు తేలిక రకపు వైరస్‌ను ముందుగా చెట్టునకెక్కించి తీవ్ర రకమును రానీయని పద్ధతిని పేరా నారింజలో పెద్దయెత్తున అమలుపరచిరి.

సిల్లా చేయగల నష్టమునకు ఫ్లోరిడాయే సాక్షి. ఆ పురుగు అక్కడ 1998లో కనబడినది, తెగులు 2005లో కనబడినది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన నారింజ దిగుబడి 2023-24 నాటికి 2 కోట్ల పెట్టెలకు లోబడినది. తుఫానులు, ఇండ్ల నిర్మాణము కొంత కారణములే. మొదటి కారణము మాత్రము ఈ తెగులే. 3 మి.మీ. పురుగు విషయమై ఇంత చెప్పనేల యనువారికి ఈ అంకెలు చాలును.

మన తోటలకు వత్తము. ఆత్మకూరు వైపు ఎక్కువగా నిమ్మ, ఉదయగిరి మెట్టలలో నిమ్మతోబాటు బత్తాయి. వినువారికి రెండును ఒకే జాతివలె తోచును గాని ఈ రెండు తెగుళ్ల ముందు వాటి ప్రవర్తన ఎదురెదురు. నిమ్మ ట్రిస్టీజాకు మిక్కిలి లొంగునది. ఎంత లొంగుననగా, ఇతర చెట్లలో ఆ వైరస్ కలదా లేదా అని పరీక్షించుటకు ప్రపంచమంతట నిమ్మ మొక్కనే సూచికగా వాడుదురు. గ్రీనింగ్ లక్షణములు నిమ్మలో అంత తేటగా నుండవు. బత్తాయి అట్లు కాదు. రంగపూర్ నిమ్మవంటి వేరుమూలముపై కట్టినచో ట్రిస్టీజాను కొంత తట్టుకొనును, గ్రీనింగ్‌కు మాత్రము సులభముగ లొంగును. కావున ఆత్మకూరు నిమ్మరైతు మొదట తలచవలసినది పేనుబంక తెచ్చు వైరస్‌ను, ఉదయగిరి బత్తాయిరైతు మొదట తలచవలసినది సిల్లా తెచ్చు బాక్టీరియాను. ఒకే పట్టిక ఇద్దరికి ఇచ్చుట ఒకే కళ్లజోడు ఇద్దరికి పెట్టుటయే.

మొక్కల పుట్టుకలోను తేడా కలదు. నిమ్మను సాధారణముగ విత్తునుండి పెంచుదురు. ట్రిస్టీజా విత్తుద్వారా రాదు. కావున నిమ్మ నారు పుట్టినపుడు శుద్ధమే. ఆరుబయట నారుమడిలో పేనుబంక వాలిన తరువాతనే అశుద్ధము. బత్తాయిని కన్నంటు కట్టుదురు. కన్ను తీసిన తల్లిచెట్టునకు తెగులున్నచో, ఒక్క పురుగు వాలకుండగనే వంద మొక్కలకు తెగులు చేరును. తల్లిచెట్టును పరీక్షింపక కన్ను తీసి అమ్మువారు సిల్లాకంటె చురుకైన వాహకులు. తోట వేయువారు నారును ఎచ్చటినుండి కొన్నారని అడుగుట, ఏ మందు కొట్టినారని అడుగుటకంటె ముందు ప్రశ్న కావలెను. తిరుపతిలోను, వెంకటగిరి వద్ద పెట్లూరులోను నిమ్మజాతి పరిశోధన స్థానములు కలవు. నారు తెచ్చుకొనుటకు ముందు అచ్చటి సలహా పొందుట దూరమైన పని కాదు.

ఉపాధ్యాయులకు తరగతిలో చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. బత్తాయి ఆకు పసుపుబారినది. జింకు లోపమా, గ్రీనింగా? మన ఎర్ర, సున్నపు నేలలలో జింకు లోపము సర్వసాధారణము గనుక ప్రశ్న తేలికది కాదు. ఆకును తెల్లకాగితముపై పరచి, నడిమి ఈనెకు ఇరువైపుల ఎదురెదురుగా కలముతో రెండు చిన్న వలయములు గీయవలెను. రెండు వలయములలోని రంగును పోల్చవలెను. జింకు లోపమైనచో పచ్చ, పసుపు పంపిణీ ఈనెకు ఇరువైపుల అద్దములో చూచినట్లు ఒకటిగ నుండును. గ్రీనింగ్ అయినచో ఒకవైపు పచ్చ, అదే చోట మరొకవైపు పసుపు. మచ్చలకు వరుస లేదు, ఈనెల హద్దులను అవి లెక్కచేయవు. కాయను కోసినచో ఒకవైపు వంగి, లోన గింజలు తాలు పోయి యుండును. తెగులు సోకిన చెట్టునకు జింకు లోపపు చిహ్నములు కూడ తోడగుట కలదు. కావున ఇది అనుమానమునకు పరీక్షయే, తీర్పు ప్రయోగశాలలో డి.ఎన్.ఏ. పరీక్ష చెప్పవలెను. నిమ్మలో ట్రిస్టీజాకు వేరు పరీక్ష: లేత ఆకును ఎండకెదురుగా పట్టినచో సన్నని ఈనెలు అక్కడక్కడ తెగిన గీతలవలె తెల్లగ కనబడును. ఎండిన కొమ్మ బెరడు ఒలిచి చూచినచో క్రింది కొయ్యపై గోటితో గిల్లినట్లు గుంటలుండును. ఈ రెండు పరీక్షలకు ఖర్చు లేదు. ఇంత సులభమైనవి పాఠములోనికి ఎందుకు రాలేదో నాకు అర్థము కాదు.

తోటనుండి పెరటికి, పెరటినుండి అడవికి పోదము. సిల్లా నిమ్మ కుటుంబమును దాటి పోదు. కాని ఆ కుటుంబము మనము తలచినదానికంటె పెద్దది. కరివేపాకు ఆ కుటుంబముదే. సిల్లా దానిపై గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, సుఖముగ నుండును. ఉదయగిరి దుర్గపు వాలులలోను, వెలిగొండ పొదలలోను పెరుగు వెలగ, మారేడు, అడవినిమ్మ, నాగగొలుగు అన్నియు ఆ కుటుంబములోనివే. సిల్లా నివసించు మొక్కల పట్టికలో ఇవి కలవు. తోటలో ఇగురు లేని దినములలో అది ఎచ్చట తలదాచుకొనునో దీనినిబట్టి ఊహింపవచ్చును. అయితే కరివేపాకు చెట్టును నరికివేయుడని చెప్పుట తొందరపాటు. బ్రెజిల్‌లో జరిగిన పరిశోధనలలో కరివేపాకుపై పురుగు పెరుగును గాని, బాక్టీరియా మాత్రము ఆ చెట్టులో నిలువదని తేలినది. పురుగునకు ఇల్లు, తెగులునకు ఇల్లు రెండును వేరు వేరని చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము పెరటిలోనే దొరకునా?

పేనుబంకల అడవి వేరు. నల్ల పేనుబంక ముఖ్యముగ నిమ్మ కుటుంబముపైననే యుండును. కాని నిమ్మపై వాలునవి అది ఒక్కటియే కాదు. ప్రత్తి పేనుబంకయు నిమ్మ ఇగురుపై చేరును, వైరస్‌ను కొంత తక్కువ నేర్పుతో మోయును. దానికి ప్రత్తి, బెండ, వంగ, మిరప, దోస, గుమ్మడి మొదలుగా వందలకొలది మొక్కలు ఇండ్లే. నిమ్మసాళ్ల మధ్య కూరగాయలు వేసినవారు ఈ సంగతి గుర్తించవలెను. సిల్లాను వెదకుటకు అడవి వైపు చూడవలెను, ప్రత్తి పేనుబంకను వెదకుటకు కూరమడి వైపు చూడవలెను.

ఇగురు సంగతి కొంచెము విడిచి చెప్పక తప్పదు, ఏలయన రెండు పురుగులకును కీలకము అదియే. నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనముతో అక్టోబరునుండి డిసెంబరు వరకు కురియును. దానివెంట చెట్లు ఒక్కుమ్మడిగ చిగుర్చును. వేసవిలో కాయకు ధర యెక్కువ గనుక రైతులు ముందు నీరు బిగబట్టి, పిదప పెట్టి, పూతను తమకు కావలసిన కాలమునకు రప్పింతురు. తోటయంతయు ఒకేసారి చిగిర్చి ఒకేసారి ముదిరినచో సిల్లాకు గ్రుడ్లు పెట్టు గడువు రెండు మూడు వారములే. నీరు ఒకచోట పెట్టి ఒకచోట మానుటవలనను, నత్రజని ఎరువు అతిగా చల్లుటవలనను, కొమ్మలను ఎప్పుడు బడిన అప్పుడు కత్తిరించుటవలనను ఏడాది పొడుగున ఏదో ఒక మూల ఇగురుండును. అది సిల్లాకు నిత్యాన్నదాన సత్రము. మందు కొట్టదలచినవారు కూడ తేదీ చూచి కాక, ఇగురు బియ్యపుగింజంత పొడవున్నపుడే కొట్టవలెను; విచ్చుకొన్న తరువాత గ్రుడ్లు పొదిగియుండును. పాఠములో వారమునకొకసారి, పక్షమునకొకసారి అని వ్రాసిన చోట్ల ఇగురు మాటయే లేదు.

లెక్కించుట ఎట్లు? పేనుబంకకు రెమ్మలను చూచి, పది రెమ్మలలో ఎన్నిటిపై గుంపులున్నవో వ్రాసికొన్న చాలును. సిల్లా దుమికిపోవును గనుక అట్లు లెక్కింపరాదు. తెల్లకాగితము అంటించిన అట్టను కొమ్మ క్రింద పట్టి, కొమ్మను కర్రతో మూడుసార్లు తట్టవలెను. రాలిన పెద్ద పురుగులు క్షణకాలము కాగితముపై నిలుచును, అంతలో లెక్కపెట్టవలెను. చలి తగ్గని ఉదయమున ఇది సులువు. తోట నాలుగు అంచులను ముందుగా చూడవలెను. సిల్లా నడిమికంటె అంచులనే ఎక్కువ ఆశ్రయించును. తొమ్మిదవ తరగతి పిల్లలు వారమునకొకసారి ఒకే పదిచెట్లను ఇట్లు తట్టి, ఇగురు ఉన్నది లేనిది ప్రక్కన వ్రాసికొన్నచో, ఏడాది చివర గీయదగిన గ్రాఫు ఒకటి సిద్ధమగును.

అట్లు చూచునపుడు చనిపోయిన పురుగులను పారవేయరాదు. ఎండుగడ్డి రంగులో ఉబ్బి, వీపుపై గుండ్రని కన్నముతో ఆకునకంటియున్న పేనుబంక తనంతట చచ్చినది కాదు. సన్నని కందిరీగజాతి పురుగు దానిలో గ్రుడ్డు పెట్టి, దాని పిల్ల లోపలినుండి తిని, కన్నము చేసికొని వెలువడినది. సిల్లాకును అట్టి శత్రువులు కలవు. టమరిక్సియా రేడియేటా అను దానిని వాటర్‌స్టన్ 1922లో పంజాబులోని లయాల్‌పూరు నమూనాలనుబట్టి వర్ణించెను. అది నేటి పాకిస్తానులోని ఫైసలాబాదు. 1970ల చివర భారతదేశమునుండి ఆ పురుగును రీయూనియన్ దీవికి కొనిపోయి విడిచి అచ్చటివారు మేలు పొందిరి. 2011లో కాలిఫోర్నియావారు ఫైసలాబాదునుండియే తెప్పించుకొనిరి. రెండవ శత్రువు డయఫోరెన్సిర్టస్ అలీగఢెన్సిస్. ఊరి పేరు దాని పేరులోనే యున్నది. టమరిక్సియా పిల్ల సిల్లా పిల్లను క్రిందినుండి వెలుపల అంటి తినును, రెండవదాని పిల్ల లోపలినుండి తినును; రెండును గోధుమరంగు పెంకులను మిగుల్చును. ఏది ఏది చంపినదో భూతద్దముతో చెప్పవచ్చును. పెంకుపై కన్నము ఎదభాగమున నున్నచో అది టమరిక్సియా పని. పొట్టభాగమున నున్నచో రెండవదాని పని.